నొసట వ్రాసిన పేరు : మెక్సికో పుఱ్ఱెబొమ్మలలో విప్లవస్త్రీల స్మృతి

మరణించినవారిని స్మరించుటకు మానవులు ఎన్నుకొన్న గుర్తులలో పుఱ్ఱె మిక్కిలి చిత్రమైనది. చిత్తరువు గీసినచో ముఖము నిలుచును. శిలపై చెక్కినచో రూపము నిలుచును. పుఱ్ఱెలో ఆ రెండును నిలువవు. కన్ను, ముక్కు, పెదవి, మేనిచాయ, వయస్సు అన్నియు పోయి, అందఱకును సమానమైన యెముక మాత్రమే మిగులును. రాజునకును బంటునకును, అందగత్తెకును అనాకారికిని అది యొక్కటియే. అట్టి పుఱ్ఱెతో ఒకానొక వ్యక్తిని, అందునను చరిత్ర మఱచిన యొక స్త్రీని, గౌరవించుట యెట్లు? ఈ ప్రశ్నకు సమాధానము మెక్సికో దేశపు జానపదకళలో వెదుకవచ్చును. 1910లో ఆరంభమైన ఆ దేశపు విప్లవమున పాల్గొన్న స్త్రీలను పుఱ్ఱెబొమ్మలుగా రూపొందించు వాడుక నేడు అచ్చట విరివిగా నున్నది. ఆ వాడుకకు ఆధారమైన సంప్రదాయ మెట్టిదో, అట్టి బొమ్మను కూర్చువాడు పాటింపవలసిన నియమము లేవియో, అందు పొంచియున్న ప్రమాద మేదియో ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

కలవేరా యను మాట

స్పానిషు భాషలో పుఱ్ఱెను 'కలవేరా' యందురు. మెక్సికోలో ఈ మాటకు మఱి మూడర్థము లేర్పడినవి. ఎముకలగూడు రూపమున గీసిన పరిహాసచిత్రము కలవేరా. పండుగనాటికై పంచదారతో పోసిన పుఱ్ఱె కలవేరా. బ్రదికియున్నవారిని చచ్చినట్లు భావించి వారిపై చెప్పు హాస్యపద్యమును కలవేరాయే. సాహిత్య విద్యార్థులమగు మనకు ఈ మూడవ యర్థము ముఖ్యమైనది. ఆ దేశమున చిత్రమును పద్యమును ఒకే పేరును పంచుకొన్నవి; 19వ శతాబ్ది చివరను అచ్చయిన కరపత్రములలో పైన బొమ్మయు క్రింద పద్యములును ఉండెడివి. మన చాటుకవులు పిసినారులను, గర్విష్ఠులను ఎత్తిపొడుచుచు చెప్పిన పద్యములతో దీనికి పోలిక కలదు. కాని యొక భేదము గమనింపదగినది. చాటువు బ్రదికినవానిని బ్రదికినవానిగనే నిందించును. కలవేరా వానిని మున్ముందు చంపి, పిమ్మట పరిహసించును. చచ్చినవానికి హోదా లేదు గనుక ఆ పరిహాసమునకు అడ్డులేదు.

ఏటేట నవంబరు 1, 2 తేదీలలో మెక్సికోలో మృతుల దినము జరుగును. మొదటి దినము చిన్నతనమున పోయిన బిడ్డలకును, రెండవ దినము పెద్దలకును ఉద్దేశింపబడినది. ఇంట నొక బల్లపై పోయినవారి పటము, వారికి ప్రియమైన వంటకము, నీరు, ఉప్పు, క్రొవ్వొత్తులు, సాంబ్రాణివంటి కోపాల్ ధూపము, బంతిపూవులు అమర్చుదురు. ఈ పండుగను ఐక్యరాజ్యసమితి విద్యా విజ్ఞాన సాంస్కృతిక సంస్థ 2008లో మానవజాతి అమూర్తవారసత్వపు పట్టికలో చేర్చినది. ఇందలి బంతిపూవు మనకును పరిచితమే. దాని జన్మస్థానము మెక్సికో. ఐరోపావారి నావలమీద అది మన దేశమునకు వచ్చి, మన గుమ్మములకు తోరణమై, బతుకమ్మలో తంగేడు సరసను చేరినది. అచ్చట అది మృతులకు దారి చూపు పూవు. ఇచ్చట శుభకార్యముల పూవు. పుఱ్ఱె సంగతియు నిట్టిదే. మనకు పుఱ్ఱె యనగానే శ్మశానము, కాపాలికుడు, చాముండ స్ఫురింతురు. మెక్సికో బాలునకు అది తీపిని స్ఫురింపజేయును. ఈ భేదమును తొలుతనే గుర్తింపనిచో ఈ బొమ్మలలో మనకు బీభత్సరసము తోచును. నిజమునకు అందు ప్రధానమైనది హాస్యము. దాని యడుగున కరుణము.

ఈ సంప్రదాయము అజ్తెకులనాటినుండి యెడతెగక వచ్చినదని పలువురు చెప్పుదురు. ఆ మాట సగము మాత్రమే సరియైనది. శత్రువుల పుఱ్ఱెలను కఱ్ఱలకు గ్రుచ్చి వరుసలుగా నిలిపిన త్సొంపంత్లి యను కట్టడములు అజ్తెకుల రాజధానిలో నుండెను. వాని శిథిలములు మెక్సికో నగరము నడుమ నేడును బయల్పడుచున్నవి. అయినను పంచదారతో బొమ్మలు చేయు విద్య స్పెయినునుండి వచ్చినది. అస్థిపంజరము సర్వజనులతో కలిసి నాట్యమాడు భావన మధ్యయుగపు ఐరోపా చిత్రములది. పండుగ తేదీలు క్రైస్తవ పంచాంగమునకు చెందినవి. కావున నేటి కలవేరా రెండు ప్రవాహముల సంగమము.

మన విషయమునకు సంబంధించిన ప్రాచీనాంశ మొకటి యిచ్చట పేర్కొనదగియున్నది. ప్రసవమున మరణించిన స్త్రీని అజ్తెకులు రణమున పడిన వీరునితో సమానముగా నెంచిరి. అట్టి స్త్రీలను 'సివాతెతేయో', అనగా దివ్యస్త్రీలు, అనిరి. వీరులు ఉదయమునుండి మధ్యాహ్నమువఱకు సూర్యుని వెంట నడువగా, మధ్యాహ్నమునుండి అస్తమయమువఱకు ఈ స్త్రీలు నడుతురని వారి నమ్మకము. వీరి శిలాప్రతిమలకు పుఱ్ఱెవంటి ముఖమును, గోళ్లు చాచిన చేతులును ఉండును. స్త్రీ, శౌర్యము, పుఱ్ఱె అను మూడును ఒక్క విగ్రహమున కలియుట ఆ భూమిలో క్రొత్త కాదన్నమాట. ఐనను ఆ ప్రతిమలు జనులను భయపెట్టుటకు పుట్టినవి. నేటి పుఱ్ఱెబొమ్మ చేరదీయుటకు పుట్టినది.

పరిహాసమునుండి ప్రతిష్ఠకు

నేటి పుఱ్ఱెబొమ్మలకు మూలపురుషుడు హోసే గ్వాదలూపే పోసాదా. ఆతడు 1852లో ఆగ్వాస్కలియెంతేస్ పట్టణమున జన్మించెను. 1888 తరువాత మెక్సికో నగరమున ఆంతోనియో వనేగాస్ అర్రోయో యను ముద్రాపకుని కొఱకు వేలకొలది బొమ్మలు చెక్కెను. హత్యలు, వరదలు, దొంగల కథలు, రాజకీయపు వింతలు మున్నగు వానినెల్ల చౌకవెలకు అమ్ముడుపోవు కరపత్రములపై ఆతడు చిత్రించెను. ఆతనికి ముందే మనుయేల్ మనీయా యను శిల్పి కలవేరాలు చెక్కియుండినను, వానికి ప్రాణము పోసినవాడు పోసాదాయే. 1913 జనవరిలో ఆతడు దారిద్ర్యమున మరణించెను. దోలోరెస్ శ్మశానవాటికలో బీదల గోతిలో పూడ్చిన ఆతని యెముకలు పిమ్మట పేరులేని రాశిలో కలిసిపోయెను. దేశమునకెల్ల పుఱ్ఱెలు గీసియిచ్చినవాని పుఱ్ఱె యేదియో నేడు చెప్పగలవారు లేరు.

ఆతని బొమ్మలలో ప్రసిద్ధికెక్కినది ఈకలును పూవులును నిండిన పెద్ద ఐరోపా టోపీ ధరించిన స్త్రీపుఱ్ఱె. దానికి తొలుత ఉండిన పేరు 'కలవేరా గర్బాన్సేరా'. గర్బాన్సో యనగా కాబూలీ శనగ. శనగలమ్ముకొనియు, ఇండ్లలో పనిచేసియు బ్రదుకుచు, తమ స్వదేశీయజన్మను దాచి దొరసానులవలె అలంకరించుకొను బీదస్త్రీలను ఆ మాటతో ఎగతాళి చేసెడివారు. ఆ బొమ్మకు దేహము లేదు, ఉన్నది తలయు టోపీయు మాత్రమే. 1947లో దియేగో రివేరా తన గొప్ప కుడ్యచిత్రమున ఆ తలకు నిలువెత్తు దేహమును, పట్టుబట్టలను, ఈకలపాము ఆకారముగల కంఠవస్త్రమును కూర్చి నడుమ నిలిపెను. ఆమె ఒక వైపున పోసాదా చేతిని, మఱియొక వైపున బాలుడైన రివేరా చేతిని పట్టుకొనియుండును. అప్పటినుండి ఆమెకు 'కత్రీనా' యను పేరు స్థిరపడినది. 1985 భూకంపమున ఆ చిత్రమున్న హోటలు దెబ్బతినగా, చిత్రమును పెకలించి ప్రత్యేకముగా కట్టిన ప్రదర్శనశాలలో నిలిపిరి.

ఇందు మనము గుర్తింపవలసిన దొకటి కలదు. ప్రపంచమున నేడు మిక్కిలి పేరొందిన స్త్రీపుఱ్ఱెబొమ్మ పుట్టుకచే స్తుతి కాదు, నింద. ఆ నింద తగిలినదియు ధనికురాలికి కాదు, ఇంటిపని చేసికొను పేదరాలికి. ఆ బొమ్మకు టోపీ తీసి తూటాలపట్టీ తగిలించినంతమాత్రమున విప్లవస్త్రీకి గౌరవము సమకూరునా? మన యాలంకారికులు నిందవలె తోచుచు స్తుతిగా పరిణమించు మాటను వ్యాజస్తుతి యనిరి. అయితే వ్యాజస్తుతి యందు నింద స్తుతిగా మాఱుటకు వాక్యములోనే ఆధారముండవలయును; అది లేనిచో నింద నిందగనే నిలుచును. పుఱ్ఱెబొమ్మకును ఈ న్యాయమే వర్తించును. ఆ ఆధారమును బొమ్మలో ఎట్లు కల్పింపవలయునో తెలియుటకు, గౌరవింపదలచిన స్త్రీలెవ్వరో మొదట తెలియవలయును.

పాటయు ఛాయాపటమును మఱుగుపఱచినవారు

మెక్సికో విప్లవమున స్త్రీల పాత్ర యనగానే 'అదెలీతా' పేరు వినబడును. అది యొక ప్రేమగీతపు నాయిక పేరు. సైనికుడు తన ప్రియురాలిని తలచుకొను ఆ పాట ఎంతగా వ్యాపించెననగా, యుద్ధమున తిరిగిన స్త్రీలందఱకును అదియే సామాన్యనామమైనది. తరువాతి కాలమున గోడపంచాంగముల చిత్రకారులు అదెలీతాను ఎఱ్ఱని పెదవులతో, బిగుతైన రవికెతో, అందమునకై వ్రేలాడదీసిన తూటాలపట్టీతో గీసిరి. ఛాయాపటము చేసిన పనియు నిట్టిదే. రైలుపెట్టె మెట్లమీద నిలిచి ముందునకు వంగి చూచు స్త్రీ పటమొకటి 1912 నాటిది. అదెలీతా యనగా ఈమెయేయని లోకము నమ్మినది. కాని పూర్తి గాజుపలకను చూచినచో అందు ఇంకను పలువురు స్త్రీలు గోచరింతురు. పటమును కత్తిరించి ఒక్క స్త్రీని నిలుపుకొని, తక్కినవారిని తొలగించిరి.

ఆ తక్కినవారు చేసిన పని యేమి? అప్పటి సేనలకు వంటశాల, వైద్యశాల, సరఫరా శాఖ సరిగా లేవు. సైనికుని భార్యయో, తల్లియో, కూతురో వెంట నడచి, సన్నికల్లువంటి మెతాతే యను ఱాతిని వీపున మోసి, మొక్కజొన్న నూఱి, రొట్టె కాల్చి, గాయములు కట్టి, తూటాలు దాచి తెచ్చెడిది. వీరిని సోల్దాదేరాలు అనిరి. సైనికుని జీతమును తెలుపు స్పానిషు మాటనుండి ఆ పేరు పుట్టినది. వీరిలో కొందఱు తుపాకి పట్టిరి. పేత్రా హెర్రేరా యను నామె పేద్రో యను పురుషనామముతో పంచో వియా సేనలో చేరి పోరాడి, తన స్త్రీత్వమును వెల్లడించిన పిమ్మట తగిన గుర్తింపు దొరకక, స్త్రీలతోనే వేఱొక దళమును కూర్చుకొనెను.

తుపాకి పట్టనివారును విప్లవస్త్రీలే. హువానా బెలేన్ గుతియేర్రేస్ దే మెందోసా 1901లో 'వెస్పేర్' అను పత్రికను స్థాపించి నియంతయైన పోర్ఫిరియో దియాస్‌ను ఎదిరించి చెఱసాలకు పోయెను. దోలోరేస్ హిమేనేస్ యీ మూరో అఱువదియేండ్లు దాటిన వయస్సున 1911 నాటి రాజకీయ సామాజిక ప్రణాళిక రచనలో పాలుగొని, తరువాత సపాతా పక్షమున చేరెను. కార్మెన్ సెర్దాన్ 1910 నవంబరు 18న ప్వేబ్లా పట్టణమున తమ యింటిని సేనలు ముట్టడింపగా, తుపాకితో మేడమీదికి వచ్చి జనులను పిలిచెను. ఎర్మీలా గలిందో 1915లో స్త్రీలకై పత్రిక నడిపి, రాజ్యాంగసభకు స్త్రీల వోటుహక్కు కోరుచు విన్నపము పంపెను. 1917 రాజ్యాంగము ఆ హక్కు నీయలేదు; దేశమంతటను స్త్రీలకు వోటు లభించినది 1953లో. 2020లో వెలువడిన వేయి పేసోల నోటుపై సెర్దాన్, గలిందోల రూపములు ముద్రింపబడినవి.

మఱి తక్కినవారి సంగతి? 1916లో యుద్ధమంత్రిత్వశాఖ స్త్రీలకిచ్చిన సైనికపదవులన్నింటిని, వారు చేసిన సేవ యెట్టిదైనను, రద్దుచేసినది. అదే సంవత్సరము డిసెంబరులో చివావా రాష్ట్రపు కామార్గో పట్టణమున పంచో వియా యాజ్ఞపై శత్రుపక్షపు సోల్దాదేరాలను కాల్చి చంపిరి. వారి సంఖ్య 80, 90 ప్రాంతమని చరిత్రకారులు వ్రాయుదురు. వారి పేర్లు పాటలోనికి ఎక్కలేదు. అదెలీతా యను నొక్క పేరు వందలాది పేర్లను కప్పివేసినది. విప్లవస్త్రీల పుఱ్ఱెబొమ్మను కూర్చువాని యెదుట నున్న అసలు చిక్కు ఇదియే. పుఱ్ఱెకు ముఖము లేదు. ఆ స్త్రీలకు పేరు లేదు. రెండు లేములు కలిసినచో మిగులునది అలంకారవస్తువు మాత్రమే.

రచనానియమములు

ఈ చిక్కునకు పరిష్కారము సంప్రదాయములోనే కలదు. దానిని నాలుగు నియమములుగా చెప్పవచ్చును.

మొదటిది లక్షణనియమము. ముఖము లేనిచోట వ్యక్తిని తెలుపునవి చేతిలోని వస్తువులు. మన శిల్పశాస్త్రమున విష్ణువు చతుర్వింశతిమూర్తులకు ముఖము ఒక్కటియే. శంఖము, చక్రము, గద, పద్మము ఏ చేత నున్నవో చూచి కేశవుడనియు, మాధవుడనియు, త్రివిక్రముడనియు నిర్ణయింతుము. పుఱ్ఱెబొమ్మకును అట్టి లక్షణములు కావలయును. సోల్దాదేరాకు వీపున మెతాతే, తలపై నుండి భుజములను చుట్టిన రెబోసో యను పైవస్త్రము, ప్రక్కను బిడ్డ; సెర్దాన్‌కు మేడ చావడియు తుపాకియు; హువానా బెలేన్‌కు తన పత్రిక; హిమేనేస్ యీ మూరోకు కలమును నెరసిన జుట్టును. అందఱకును ఒకే తూటాలపట్టీ తగిలించుట సులభమే గాని, అది ఇరువదినాలుగు మూర్తులకును ఒకే విధముగా శంఖచక్రములను ఉంచుటవంటిది. ఎవ్వరికి ఏ వస్తువు చెందునో చరిత్రను చదివి నిర్ణయింపవలయును గనుక, ఈ రచనకు కుంచెకంటె ముందు పుస్తకము కావలయును.

రెండవది నామనియమము. తోలూకా పట్టణమున పండుగకు ముందు జరుగు పంచదారబొమ్మల సంత ప్రసిద్ధమైనది. మన సారెలోని పంచదార చిలుకలను కొయ్య యచ్చులలో పోసినట్లు, అచ్చట మట్టి యచ్చులలో పాకము పోసి పుఱ్ఱెలు తీయుదురు. చల్లారిన పిమ్మట కాగితపు పొట్లమునుండి రంగుచక్కెరను పిండి కన్నులచుట్టు రేకులు, చెంపలపై తీగలు దిద్దుదురు. తుదకు నొసట ఒక పేరు వ్రాయుదురు. స్నేహితులకు వారి వారి పేరిటి పుఱ్ఱెను బహుమానముగా నిత్తురు. పుఱ్ఱెమీది అతుకులు బ్రహ్మ వ్రాసిన తలవ్రాతయని మన పెద్దలు చెప్పుదురు. ఆ వ్రాత చదువుటకు మనుష్యునకు శక్యము కాదు. మెక్సికోవారి నొసటివ్రాత మనుష్యుడు వ్రాసినది, ఎల్లరును చదువదగినది. ముఖమును తొలగించు కళ తానే పేరునకు చోటిచ్చినది. విప్లవస్త్రీ పుఱ్ఱెబొమ్మకు ఈ పేరు అలంకారము కాదు, ప్రాణము.

మూడవది హాస్యనియమము. కలవేరా యనిన నవ్వు ఉండవలయును. అది లేనిచో అది స్మారకశిల యగును గాని జానపదకళ కాదు. కాని ఆ నవ్వు ఎవ్వరిమీద పడుచున్నదో చూచుకొనవలయును. ఎముకలగూటికి ఎఱ్ఱని పెదవులు, ఉబ్బిన రొమ్ము తగిలించినచో నవ్వు ఆ స్త్రీమీదనే పడును. అది గర్బాన్సేరా నాటి నిందయే. ఆమె అటువంటి చూపునకు అందని స్థితిలో నుండుటయే పుఱ్ఱె యామెకు చేసిన మేలు. మాంసము పోయినప్పుడు సౌందర్యపరీక్షయు పోవును; చేసిన పని నిలుచును. కావున నవ్వును ఆమెను మఱపించినవారి మీదికి త్రిప్పవలయును. ఆమె పదవిని రద్దుచేసిన యాజ్ఞాపత్రమును ఎముకల గుమాస్తా చేత పట్టుకొని ఆమె గుఱ్ఱపు కాళ్లనడుమ చిక్కుకొన్నట్లు గీయవచ్చును. మృత్యువు ఎదుట ఆ ముద్రలు చెల్లవని చూపవచ్చును. క్రింద చేర్చు పద్యమును ఈ మార్గముననే నడువవలయును. అప్పుడు వ్యాజస్తుతికి కావలసిన ఆధారము బొమ్మలోనే చేకూరును.

నాలుగవది ద్రవ్యనియమము. ఏ ద్రవ్యమున చేయుదుమో దానికి తగినట్లు రూపము మాఱవలయును. ప్వేబ్లా రాష్ట్రపు ఉయిష్కోలోత్లా గ్రామమున పల్చని కాగితములను దొంతరగా పేర్చి ఉలులతో రంధ్రములు కొట్టుదురు. మన తోలుబొమ్మలలో ఆభరణములను రంధ్రములచే చూపునట్లే, ఇచ్చటను శూన్యమే గీత. అందు ఏ భాగమును విడిపడి రాలిపోకుండ సన్నని వంతెనలతో ప్రక్కదానికి అంటియుండవలయును. పుఱ్ఱె ఈ పనికి మిక్కిలి అనుకూలమైనది. కన్నులు, ముక్కు స్వభావముననే ఖాళీలు. తూటాలపట్టీని చిన్న చిన్న నిలువు రంధ్రముల వరుసగాను, రెబోసో అంచును దువ్వెనపండ్లవలెను కొట్టవచ్చును. పేరు వ్రాయునప్పుడు మాత్రము మూసిన అక్షరముల లోపలి భాగము రాలిపోవును గనుక ప్రతి సున్నకును ఒక వంతెన నిలుపవలయును.

కాగితపు ముద్దతో చేయు బొమ్మలలో మెక్సికో నగరపు లినారేస్ కుటుంబము పేరొందినది; ఆ కుటుంబపు పేద్రో లినారేస్‌కు 1990లో జాతీయపురస్కారము లభించినది. పిండిజిగురుతో కాగితపు ముక్కలను పొరలు పొరలుగా అంటించి, ఎండిన పిమ్మట రంగులు వేయుదురు. ఈ ద్రవ్యమున చేతులు చాచిన భంగిమ, బరువు మోయు వీపు చక్కగా కుదురును గనుక సోల్దాదేరాకు ఇది తగినది. అచ్చుబొమ్మకై పోసాదా తన యుత్తరకాలమున తుత్తునాగపు పలకపై ఆమ్లమునకు లొంగని సిరాతో గీసి, తక్కిన భాగమును ఆమ్లముచే తినిపించెడివాడు. ఉబ్బెత్తుగా మిగిలిన గీత సిరా నంటి అచ్చగును. 1937లో స్థాపింపబడిన ప్రజాచిత్రశిల్పశాలలోని కళాకారులు లినోలియముపై చెక్కి ఈ మార్గమును కొనసాగించిరి. 1947లో వారు విప్లవచరిత్రను 85 అచ్చుచిత్రములుగా వెలువరించిరి. తెలుపు నలుపుల ఈ ద్రవ్యము పద్యముతో కలిసి అచ్చగుటకు అనువైనది గనుక, పేరును కథయు చెప్పవలసినచోట దీనిని మించినది లేదు.

పేరు తెలిసినవారు, తెలియనివారు

నామనియమమును పాటించుట పైకి కనబడునంత సులభము కాదు. రెండు చిక్కులు గలవు.

మొదటిది, పేరు ఎవ్వరు పెట్టినదన్న ప్రశ్న. 1889లో గెర్రేరో రాష్ట్రమున పుట్టిన అమేలియో రోబ్లేస్ సపాతా సేనలో పోరాడి, పురుషుడుగనే జీవించి, 1984లో మరణించెను. 1974లో రక్షణమంత్రిత్వశాఖ ఆతనిని విప్లవయోధుడుగ గుర్తించినది. అయినను మరణానంతరము పుట్టింటివారి పేరైన అమేలియాతో ఆతనిని విప్లవస్త్రీల వరుసలో కూర్చుండబెట్టినవారు కలరు. ఒక మనుష్యుడు డెబ్బదియేండ్లు భరించి నిలుపుకొన్న పేరును తుడిచి నొసట వేఱొకటి వ్రాయుట గౌరవము కాదు. స్త్రీలను లెక్కలో చేర్చవలయునన్న ఆసక్తి ఎంత మంచిదైనను ఇచ్చట ఆగవలయును.

రెండవది, పేరే దొరకనివారి సంగతి. మన చిత్తూరు ప్రాంతపు వీరగల్లులను చూడుడు. కత్తి యెత్తి నిలిచిన వీరుని రూపము ఇంచుమించు అన్నింటను ఒక్కటియే. ఆతడెవ్వడో, ఏ పోరున పడెనో చెప్పునది శాసనము. శాసనము లేని వీరగల్లును మనము వేఱొక వీరుని పేరుతో పిలువము. పేరు తెలియని వీరుడనియే వ్రాయుదుము. పేర్లు దొరకవను మాటను తొందరపడి అనరాదు కూడ. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీలను స్వయముగా కలిసి, వారి మాటలను సేకరించి స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' యను గ్రంథమును వెలువరించినది. అంతవఱకు పోరాటచరిత్రలలో అన్నము వండినవారుగా, కబురు మోసినవారుగా మాత్రమే నిలిచిన స్త్రీలు అందు తమ పేర్లతో, తమ కంఠముతో మాటలాడిరి. అడుగువారు లేకపోవుటయే పేరు లేకపోవుటకు కారణమని ఆ గ్రంథము ఋజువుచేసినది.

కామార్గోలో పడిన స్త్రీలను అడుగుటకు నేడు వీలులేదు. వారికై పుఱ్ఱెబొమ్మ చేయువాడు ఏమి చేయవలయును? అదెలీతా యని వ్రాసినచో ప్రేమగీతము మరల వారిని మ్రింగివేయును. ఏదో యొక పేరు కల్పించి వ్రాసినచో అది అసత్యమగును. మా యభిప్రాయమున, అట్టి బొమ్మకు మెతాతే, రెబోసో, బిడ్డ, బంతిపూవు అన్నియు శ్రద్ధగా అమర్చి, చక్కెరతో నొసటిచుట్టు చెలువముగా చట్రము దిద్ది, ఆ చట్రములోపలి చోటును ఖాళీగా విడువవలయును. పేరున్న పుఱ్ఱెల వరుసలో ఆ ఖాళీ నొసలు చూచినవాడు అచ్చట ఏమి వ్రాయవలసియుండెనని తప్పక అడుగును. ఆ ప్రశ్న పుట్టించుటకు ఖాళీని ఖాళీగనే కాపాడవలయును.